మ్యారేజ్ అలవెన్స్ అప్లై చేశాం, డబ్బులు మాత్రం రాలేదు: ఎక్కడ ఆగిందో చూసుకోండి

యూకేలో ఉన్న మన ఇళ్లలో ఒకరిది పూర్తి జీతం, ఇంకొకరిది స్కూల్ కిచెన్‌లోనో షాపులోనో వారానికి పది పదిహేను గంటల పని. లేదంటే అసలు పనే లేదు, ఇల్లూ పిల్లలే. నర్సులుగా, కేర్ వర్కర్లుగా వచ్చిన ఆడవాళ్ల ఇళ్లలో ఇదే తిరగేసి ఉంటుంది, ఆయనే డిపెండెంట్. ఎటైనా లెక్క ఒకటే. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా మామూలుగా ఆదాయపన్ను ఉండదు, దీన్నే పర్సనల్ అలవెన్స్ అంటారు. అంత సంపాదించని మనిషి, దాంట్లోంచి 1,260 పౌండ్లు భార్యకో భర్తకో ఇచ్చేయొచ్చు. అదే మ్యారేజ్ అలవెన్స్. ఆ 1,260 మీద 20 శాతం, అంటే పుచ్చుకున్న మనిషికి ఏడాదికి 252 పౌండ్ల పన్ను తగ్గుతుంది. నెలకు 21 పౌండ్లు. మా ఇంట్లో అది రమారమి ఒక సోనామసూరి బస్తా.

2015 ఏప్రిల్ నుంచీ ఉన్న పద్ధతే ఇది. వెనక్కి నాలుగేళ్లది కూడా అడగొచ్చు. 2022-23 ఏడాదికి కావాలంటే 2027 ఏప్రిల్ 5 లోపు అడగాలి. ఏ ఏడాదికి ఆ ఏడాది అర్హత విడిగా చూస్తారు.

నా దగ్గరికి వచ్చే ప్రశ్నలన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. చిక్కు చాలాసార్లు ఎక్కువ సంపాదించే మనిషి కాగితాల్లో ఉండదు. ఇన్నేళ్లుగా ఎవరూ తెరిచి చూడని రెండో మనిషి కాగితాల్లో ఉంటుంది.

"మీకు అర్హత లేదు అంటోంది"

అప్లై చేసింది ఎవరు? చాలాసార్లు "మా ఆయనే, ఆయనకే లాగిన్ ఉంది" అంటారు. అక్కడే తప్పు. ఇచ్చేవాళ్లు అడగాలి, పుచ్చుకునేవాళ్లు కాదు. ఆదాయం తక్కువున్న మనిషి తన సొంత లాగిన్‌తో, గవ్ డాట్ యూకే సైట్‌లో అప్లై చేయాలి. ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ) నంబర్లూ దగ్గర పెట్టుకోండి. ఫీజు ఏమీ లేదు.

"ఐడెంటిటీ దగ్గర ఆగిపోతోంది"

ఎక్కువమంది విసుగొచ్చి వదిలేసేది ఇక్కడే. మొదటి కారణం ఎన్‌ఐ నంబరే లేకపోవడం. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఎప్పుడూ పనిచేయకపోతే ఆ నంబరు తీసుకునే అవసరమే పడి ఉండదు. పనిచేసే హక్కు ఉండి, పనిలో ఉన్నా, ఆఫర్ ఉన్నా, పని వెతుక్కుంటున్నా దానికి అప్లై చేయొచ్చు. అది వచ్చాకే ఇటు రండి.

రెండోది, సైట్ అడిగే రుజువులు. పాస్‌పోర్టు, పేస్లిప్, పీ60 (ఏడాది చివర కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితం) లాంటివి అడుగుతుంది. ఇంట్లో ఉండే మనిషికి పేస్లిప్ ఎక్కణ్నుంచి వస్తుంది?

మూడోది అచ్చంగా మన చిక్కు, పేర్లు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. నేను పార్ట్‌టైం పనిలో చేరినప్పుడు పేరోల్‌లో కూర్చున్నాయన ఆ గడి ఖాళీగా వదలడానికి కంప్యూటర్ ఒప్పుకోవట్లేదని నా పేరును రెండు ముక్కలు చేసి, వెనక ముక్కను సర్‌నేమ్ అని రాసుకున్నారు. టీ తాగుతూ చేసిన పని. ఎన్‌ఐ ఉత్తరంలో ఒక పేరు, పేస్లిప్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ "మీ వివరాలు సరిపోలలేదు".

ఏం చేయాలంటే, ముందు మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేసి వాళ్ల రికార్డులో పేరు ఎలా ఉందో కనుక్కుని సరిచేయించండి. మీ పేరోల్‌లో కూడా మార్పించండి, లేకపోతే మళ్లీ తప్పు పేరే వెళ్తుంది. ఆన్‌లైన్ ఎంతకీ ఒప్పుకోకపోతే ఎంఏటీసీఎఫ్ అనే ఫామ్ ఉంది, పోస్టులో పంపొచ్చు. నాది చివరికి అలాగే అయింది.

"ఒప్పుకున్నారు, కానీ జీతంలో తేడా లేదు"

జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పేది ట్యాక్స్ కోడ్. కొత్తది రావడానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. ఆలోగా టెన్షన్ పడొద్దు. పుచ్చుకున్న మనిషి పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ చూడండి. మామూలుగా 1257ఎల్ ఉంటుంది, అది 1383ఎం అవ్వాలి. ఆ చివరి 'ఎం' కనిపించిందంటే పని జరిగినట్టే. ఏడాది మధ్యలో మారితే ఏప్రిల్ నుంచి ఉన్న బకాయి సాధారణంగా ఆ నెల జీతంలోనే కలిసి వస్తుంది. అంచేత ఆ నెల ఎక్కువగా, తర్వాత నెలకు 21 పౌండ్లే కనిపిస్తే కంగారు పడకండి. పాత సంవత్సరాలది ట్యాక్స్ కోడ్‌లో రాదు, రీఫండ్‌గా విడిగా వస్తుంది.

ఆయన సొంతంగా డెలివరీలో, టాక్సీలో పనిచేస్తూ సెల్ఫ్ అసెస్‌మెంట్ (తన పన్ను రిటర్న్ తనే) వేస్తుంటే పేస్లిప్పే ఉండదు. రిటర్న్ వేసినప్పుడు వచ్చే లెక్కలో తగ్గుతుంది.

"ఆయనకు తగ్గింది, నాకు పన్ను పడింది"

ఇచ్చిన మనిషి కోడ్ 1131ఎన్ అవుతుంది. ఇప్పుడు మీకు పన్ను లేని హద్దు 12,570 కాదు, 11,310. మీ జీతం ఆ రెండింటి మధ్య ఉంటే మీకు కొంత పన్ను పడుతుంది. అది తప్పు కాదు, లెక్కే.

12,000 పౌండ్లు సంపాదిస్తున్నారనుకోండి. 690 మీద 20 శాతం, 138 పౌండ్లు మీకు పడుతుంది. ఆయనకు 252 తగ్గుతుంది. ఇంటి మొత్తానికి 114 లాభం. 12,570కి దగ్గరవుతున్నకొద్దీ ఈ లాభం కరిగి సున్నా అవుతుంది.

2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ రేటున ఏడాదంతా వారానికి 17 గంటలు చేస్తే 11,310 లోపే ఉంటారు. 20 గంటలు చేస్తే 12,570 కూడా దాటిపోతారు. వేతనం పెరుగుతోంది, పన్ను హద్దు 2021 నుంచీ కదలలేదు. అందుకే గంటలు పెరిగిన ప్రతిసారీ ఒకసారి లెక్క వేసుకోండి. రద్దు చేయాల్సి వస్తే ఇచ్చిన మనిషే చేయాలి. ఆదాయం మారినందుకు ఆపితే ఆ ఏడాది ఏప్రిల్ 5 దాకా అలవెన్స్ నడుస్తుంది.

"ఇచ్చిన 252 వెనక్కి కట్టమంటున్నారు"

పుచ్చుకున్నవాళ్ల ఆదాయం 50,270 పౌండ్లు దాటి, హయ్యర్ రేట్‌లో, అంటే 20 శాతానికి పైనున్న పన్ను రేటులో పడి ఉంటారు. ఒక్క పౌండు దాటినా మొత్తం పోతుంది, కొంచెం కొంచెంగా తగ్గడం ఉండదు. స్కాట్లండ్‌లో ఈ హద్దు ఇంకా కింద ఉంది, 2025-26లో 43,662.

జీతం 49 వేలే కదా అంటారు. మార్చిలో వచ్చిన బోనస్? ఓవర్‌టైం? హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, విజయవాడ బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ? యూకే రెసిడెంట్‌కు మామూలుగా అవన్నీ ఇక్కడి లెక్కలోకే వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లకు విదేశీ ఆదాయం మీద 2025 ఏప్రిల్ నుంచి ఒక మినహాయింపు ఉంది. కానీ అది కోరుకున్న ఏడాది పర్సనల్ అలవెన్సే పోతుంది, దాంతోపాటు ఇదీ పోతుంది. ఎఫ్‌డీ వడ్డీ చిన్నదైతే ఆ మినహాయింపు జోలికి పోకపోవడమే మేలు.

హద్దు కొద్దిలో దాటేలా ఉంటే, ఏప్రిల్ 5 లోపు పెన్షన్‌లో మరికొంత వేస్తే మళ్లీ కిందికి రావొచ్చు. అర్హత నిలుస్తుంది, పెన్షనూ మీదే.

"252 కంటే తక్కువ వచ్చింది"

ఆయనకు పడే పన్నే అంతకంటే తక్కువ కాబట్టి. 13,200 సంపాదించేవారికి పన్ను 126 పౌండ్లే, తగ్గేది కూడా అంతే. మిగతాది చేతికివ్వరు.

"మా పెళ్లి రిజిస్టర్ కాలేదు"

ఊళ్లో పందిరి వేసి చేసుకున్న పెళ్లి అయితే ఫర్వాలేదు. మన దేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం శాస్త్రోక్తంగా జరిగిన పెళ్లి, రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన చెల్లకుండా పోదు. జరిగిన చోట చెల్లే పెళ్లి ఇక్కడా చెల్లుతుంది. ఇక్కడి గుళ్లో మాత్రమే తాళి కట్టించుకుని, చట్టప్రకారం సివిల్ పెళ్లి చేసుకోకపోతే మాత్రం కుదరదు. కలిసి ఉంటున్నవాళ్లకీ లేదు.

"వీసాకి దెబ్బ పడుతుందేమో"

పడదు. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అన్న మాట చూసి చాలామంది దీనికీ భయపడుతున్నారు. ఆ జాబితాలో ఉన్నవి చైల్డ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ లాంటివి. ఇది ప్రభుత్వం ఇచ్చే సాయం కాదు, మీ పన్నులో తగ్గింపు. భార్య ఇండియాలోనే ఉంటే సంగతి వేరు. ఆవిడకు యూకే పర్సనల్ అలవెన్స్ ఉంటేనే ఇవ్వగలదు, లేనిది ఎలా ఇస్తుంది?

"రీఫండ్ వచ్చింది, సగం ఎవరో తీసుకున్నారు"

ఫేస్‌బుక్‌లో "మీకు వెయ్యి పౌండ్లు రావాల్సి ఉంది" అని ప్రకటన వస్తుంది, నొక్కుతారు. మా స్నేహితురాలి ఇంట్లో అదే అయింది. నాలుగేళ్ల బకాయి వెయ్యి పౌండ్ల పైచిలుకు ఆ కంపెనీకి వెళ్లింది. ఫీజు, దాని మీద వ్యాట్, ఇంకేదో ఛార్జీ పోను చేతికి వచ్చింది సగానికి కాస్త పైన. రీఫండ్ హక్కునే వాళ్లకు రాసిచ్చే పత్రాలు 2023 మార్చి 15 నుంచి చెల్లవు. అయినా డబ్బు మీ తరఫున మేం తీసుకుంటామని 'నామినీ' గడిలో తమ పేరు పెట్టించుకుంటూనే ఉన్నారు. సంతకం చేసే ముందు ఆ గడి చూడండి. మీ ఇంటి మనిషి కాని పేరు ఉంటే కాగితం వెనక్కిచ్చేయండి. ఇప్పటికే సంతకం చేసి ఉంటే హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేసి, ఆ నామినేషన్ తీసేయమని అడగండి.