యాంటీవైరస్ వేసిన తరవాత చూసుకోవలసినవి

విశాఖ ఓడరేవు మీద ఆధారపడిన క్లియరింగ్ ఏజెన్సీలైనా, గాజువాక ఆటోనగర్‌లోని చిన్న పరిశ్రమలైనా యాంటీవైరస్ కొనడానికి వెనుకాడవు గాని, కొన్నాక దాని బాగోగులు చూసే బాధ్యతను ఫలానా ఉద్యోగిదని పేరు పెట్టి అప్పగించే సంస్థలు అరుదు. అసలు లోపం అక్కడే ఉంది.

ముందుగా కంప్యూటర్లన్నింటికీ జాబితా రాయండి. గోదాము కాటా దగ్గరి పాత కంప్యూటర్, ఇంటికి వెళ్లే ల్యాప్‌టాప్‌లు కూడా అందులో ఉండాలి. వ్యాపార సంస్థల కోసం ఉద్దేశించిన లైసెన్సే తీసుకుంటే అన్నింటి స్థితీ ఒకే కన్సోల్‌లో, అంటే అన్ని యంత్రాలనూ ఒకచోట చూపే తెర మీద, కనిపిస్తుంది. రోజూ ఉదయం ఆ కన్సోల్ తెరిచి, ముందురోజు నుంచి అప్‌డేట్ కాని యంత్రమేదో చూసి, కారణం అదే రోజు తెలుసుకోవాలి. సిబ్బంది ఎవరూ రక్షణను ఆపివేయకుండా సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టండి.

మినహాయింపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నెమ్మదించిందని ఎవరో డి డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి తప్పిస్తారు. ఆ తరవాత అందులోకి ఏది చేరినా అడిగే నాథుడుండడు. తప్పనిసరైతే ఆ ఒక్క డేటా ఫోల్డర్‌నే మినహాయించి, ఎవరు, ఎందుకు, ఏ తేదీన చేశారో రాసిపెట్టండి.

బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రవాణా పత్రం) పేరుతో మెయిల్‌లో వచ్చే ఫైలు పీడీఎఫ్‌లాగే కనిపించవచ్చు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కనుక, దాన్ని చూపించే సెట్టింగును ఆన్ చేస్తే చివరనున్న ‘.ఈఎక్స్ఈ’ బయటపడుతుంది. అంటే అది పత్రం కాదు, తెరవగానే నడిచే ప్రోగ్రామ్.

యాంటీవైరస్ ఉన్నంత మాత్రాన విండోస్ అప్‌డేట్లను వాయిదా వేయకూడదు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది. అది వేసుకోని కంప్యూటర్లే దానికి చిక్కాయి.

రక్షణ పనిచేస్తున్నదో లేదో పరీక్షించడానికి ఐకార్ ఫైలు ఉంది. 68 అక్షరాల ఆ ఫైలు ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్ దాన్ని పట్టుకోవాలి. కొత్త కంప్యూటర్‌ను ఈ పరీక్ష తరవాతే ఉద్యోగికి ఇవ్వండి.

నిజంగా వైరస్ సోకితే వెంటనే నెట్‌వర్క్ కేబుల్ తీసి, వైఫై ఆపండి. తొందరపడి ఫార్మాట్ చేస్తే ఆధారాలు పోతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇటువంటి దాడిని గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. అందుకు అవసరమైన వివరాలను ముందే కాగితం మీద ముద్రించి ఉంచండి. బ్యాకప్ డిస్కును పని ముగియగానే కంప్యూటర్ నుంచి వేరుచేసి బీరువాలో పెట్టండి.