అమెరికాలో మొదటి ట్రెయిలరు: ఫ్లోరు చెక్కదా, ఇనుపదా?

ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే చాలామందికి ట్రెయిలరు అవసరం తెలిసొస్తుంది. పెరట్లో గోంగూర మడికి, దోసపాదుకు మట్టి కావాలి. పాత సోఫా ఇచ్చేస్తామన్న వాళ్లింటి నుంచి తెచ్చుకోవాలి. గడ్డి కోసే మిషను రిపేరుకు పంపాలి. వినాయకచవితికి మండపం సామాను గుడికి చేర్చాలి. ప్రతిసారీ అద్దె కట్టే బదులు సుమారు ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న చిన్న ట్రెయిలరు కొనేద్దామనుకుంటారు. అక్కడే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటి ఎదురవుతుంది: ఫ్లోరు చెక్కదా, ఇనుపదా?

మన ఊళ్లలో ట్రాక్టరు ట్రక్కులన్నీ ఇనుప రేకుతోనే చూశాం. చెక్క అంటే చెదలు, నానుడు, ఏటా మరమ్మతు అన్న భయం మనసులో ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్ల చూపు నేరుగా ఇనుము మీదికి పోతుంది. కానీ ఇంటివాడకానికి చాలావరకు చెక్కే మేలు. ట్రెయిలరులో ఫ్లోరు అరిగిపోయే భాగం, ఫ్రేము నిలవాల్సిన భాగం. పలక పాడైతే ఒక శనివారం మధ్యాహ్నం మార్చుకోవచ్చు. ఫ్రేమును తుప్పు తినేస్తే బండి పోయినట్టే. ఏ ఫ్లోరు ఫ్రేమును ఎక్కువ కాలం కాపాడుతుందో ముందు అది చూడండి, గట్టిదనం సంగతి తర్వాత.

ఇనుము ఎక్కడ దెబ్బతీస్తుంది

మన వెల్డింగ్ షాపుల్లో చెకర్డ్ ప్లేటు అనేదాన్నే ఇక్కడ డైమండ్ ప్లేట్ అంటారు. దాన్ని ఫ్రేము అడ్డపట్టీల మీద పరిచి, అంచు పొడవునా వెల్డింగ్ చెయ్యరు. అలా చేస్తే వేడికి ప్లేటు వంకర తిరుగుతుంది. అందుకని అంగుళం రెండంగుళాలు అతికి, కొంత వదిలి, మళ్లీ అతుకుతారు. వదిలినచోట ప్లేటుకూ పట్టీకీ మధ్య కాగితం దూరేంత సందు మిగులుతుంది. వాననీళ్లు ఆ సందులోకి పాకుతాయి, కానీ అక్కడికి ఎండా చేరదు, గాలీ చేరదు. న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ వైపు చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు, ఉప్పునీళ్లు చల్లుతారు. ఆ ఉప్పు ఈ సందుల్లో చేరిందంటే పైన రంగు నిగనిగలాడుతుండగానే కింద తుప్పు మొదలవుతుంది. అలాంటి ట్రెయిలరు కిందికి దూరి, అడ్డపట్టీ అంచును సుత్తితో మెల్లగా తట్టి చూడండి. ఉల్లిపొరల్లా ఎర్రటి పెచ్చులు రాలితే ఫ్రేము మందం అప్పటికే తగ్గిపోయిందని అర్థం.

రెండోది మందం. తక్కువ ధర ట్రెయిలర్లలో 14 గేజి రేకు వేస్తారు. అంటే 1.9 మిల్లీమీటర్లు. అడ్డపట్టీల మధ్య దూరం 24 అంగుళాలుంటే గడ్డి మిషను చక్రం ఎక్కినచోట అది సొట్ట పడుతుంది, ఆ సొట్టలో నీళ్లు నిలుస్తాయి. ఇనుమే కావాలనుకుంటే 11 గేజికి, అంటే 3 మిల్లీమీటర్లకు తగ్గకండి. పట్టీల దూరం 16 అంగుళాలు ఉండేలా చూసుకోండి.

మూడోది బరువు. ఆరు బై పన్నెండు ట్రెయిలరుకు ఆరిన పైన్ పలకలు సుమారు 350 పౌన్లు తూగుతాయి. అంగుళంలో ఎనిమిదో వంతు మందం చెకర్డ్ ప్లేటు 470 దాకా వస్తుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ ట్రెయిలరు మోసే బరువుకు గీత ఉంది. చాలా రాష్ట్రాల్లో సరుకుతో కలిపి 3,000 పౌన్లు దాటితే ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉండాలి. అందుకే ఇరుసు 3,500 పౌన్లు మోయగలిగినా స్టిక్కరు మీద 2,990 అని కనిపిస్తుంది. ఖాళీ బండే 1,000 పౌన్లుంటే సరుక్కి మిగిలేది 2,000 లోపు. ఒక్క క్యూబిక్ యార్డు (పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు) తోటమట్టి 2,000 పౌన్లకు పైనే ఉంటుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: యార్డు మట్టి ట్రెయిలరులో సగం కూడా నిండదు, కళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది, బరువు మాత్రం అప్పటికే గీత దాటేసి ఉంటుంది. అర యార్డు చొప్పున రెండు ట్రిప్పులు వెయ్యండి. కారు లాగగలిగే బరువు కూడా మాన్యువల్‌లో చూసుకోండి. సియెన్నా, ఒడిస్సీ లాంటి వ్యాన్లకు 3,500 పౌన్లు ఉంటుంది. మామూలు పెట్రోలు రావ్4 కార్లలో చాలావాటికి 1,500 మాత్రమే. దానికి పన్నెండడుగుల ట్రెయిలరు తగదు.

ఇంకో సంగతి జారుడు. తడిసిన ప్లేటు మీద, ఉదయం మంచు పట్టిన ప్లేటు మీద కాలు నిలవదు. టెక్సస్‌లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజున ఎండలో నిలబెట్టిన ప్లేటు మీద పిల్లలు చెయ్యి పెడితే కాలుతుంది.

అయినా ఇనుమే సరైన సందర్భాలున్నాయి. కంకర, మట్టి, ఇటుక ముక్కలు తరచు తోలేవాళ్లకు పార నున్నగా జారే ఫ్లోరు కావాలి. పలకల సందుల్లో పార మొన తగులుతూ ఉంటే నడుము పోతుంది. ఆ పనికి బొడిపెలు లేని నున్నటి ప్లేటు చెకర్డ్ ప్లేటు కన్నా నయం. తోటపని వ్యాపారంగా చేసేవాళ్లకు జల్లెడలాంటి ఎక్స్‌పాండెడ్ మెటల్ బాగుంటుంది. బురద కిందికి రాలిపోతుంది, నీళ్లు నిలవవు, బరువు 140 పౌన్ల లోపే. దాని మీద మట్టి మాత్రం తోలలేరు, చిన్న సామాను కిందికి జారిపోతుంది. అల్యూమినియం ప్లేటు కూడా అంతే తేలిక. ఫ్రేము కూడా అల్యూమినియమే అయినప్పుడు అది మంచి ఎంపిక. ఇనుప ఫ్రేము మీద వేసి ఉప్పు రోడ్ల మీద తిప్పితే రెండు లోహాలు కలిసినచోట అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది.

చెక్క ఎంచుకునేటప్పుడు

ఇక్కడ దొరికేది టేకూ కాదు, తుమ్మా కాదు. సదరన్ ఎల్లో పైన్ అనే మెత్తని కర్రకు రాగి కలిసిన మందును ఒత్తిడితో లోపలికి ఎక్కించి అమ్ముతారు. హోమ్ డిపో, లోస్ లాంటి ఏ పెద్ద షాపులోనైనా ఉంటుంది. పలక చివర మేకుతో కొట్టిన చిన్న ప్లాస్టిక్ చీటీ చదవండి. ‘గ్రౌండ్ కాంటాక్ట్’ అనో ‘యూసీ4ఏ’ అనో ఉంటే తీసుకోండి. ట్రెయిలరు నేలకు ఎత్తులోనే ఉంటుంది కదా అని ‘అబౌ గ్రౌండ్’ రకం కొనొద్దు. బురద, తడి ఆకులు పేరుకునే చోట దానికెక్కిన మందు చాలదు.

‘టూ బై సిక్స్’ అంటే నిజంగా రెండంగుళాలు, ఆరంగుళాలు ఉండవు. మందం ఒకటిన్నర, వెడల్పు ఐదున్నర. లోపలి వెడల్పు 76 అంగుళాలున్న ట్రెయిలరులో పదమూడు పలకలకు 71న్నర అంగుళాలు పోతాయి, మిగిలేది నాలుగున్నర. పధ్నాలుగో పలకను ఆ కొలతకు నిలువునా కోసుకోవాలి. పదిహేను కొనండి, ఒకటి దగ్గర ఉంచుకోవడానికి. షాపులో ఒక్కో పలకనూ కంటికి ఆనించి పొడవునా చూడండి. మెలి తిరిగింది పక్కన పెట్టేయండి. చివరి అంచున నిండు వలయాలు కనిపిస్తే అది చెట్టు నడిమధ్య నుంచి వచ్చిన ముక్క. ఆరేకొద్దీ పగిలి మెలి తిరుగుతుంది. నిమ్మకాయంత ముడి నడుమ ఉన్నది కూడా వద్దు.

బిగించేటప్పుడు

పాత పలకలు తీశాక ఫ్రేమును వైరు బ్రష్‌తో గీకి, ప్రైమరు, పైన రంగు వేసి రెండు రోజులు ఆరనివ్వండి. పలకల్లోని రాగి మందు ఇనుమును తింటుంది. అందుకే అడ్డపట్టీల పైభాగాన రబ్బరులా సాగే జిగురు బ్యూటైల్ టేపు అతికించాలి. పది నిమిషాల పని, ఫ్రేముకు ఏళ్ల ఆయుష్షు. తర్వాత కింద పడుకుని లైట్ల వైరు ఏ పట్టీ పక్కగా పోతోందో చూసి, పైన సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఫ్లోరు బిగించిన సాయంత్రం బ్రేకు లైటు వెలగలేదంటే ఎక్కడో స్క్రూ వైరులోంచి దిగిందన్నమాట.

కోసిన ప్రతి చివరకూ కాపర్ నాఫ్తనేట్ అనే రాగి మందు ద్రవాన్ని బ్రష్‌తో పట్టించాలి. మందు పలక నడిమధ్య దాకా సరిగా ఎక్కదు. కోసినచోట ఆ పచ్చి లోపలి భాగం బయటపడుతుంది, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. షాపు నుంచి వచ్చిన పలక తడిబరువుగా ఉంటే సందు వదలకుండా ఆనించి బిగించండి, ఆరాక సందు తానే వస్తుంది. చీటీ మీద ‘కేడీఏటీ’ అని ఉంటే అది బట్టీలో ఆరబెట్టినది. దానికి అంగుళంలో ఎనిమిదో వంతు సందు మీరే వదలాలి. వదలకపోతే మొదటి వానకు ఉబ్బి పలకలు ఒకదాన్నొకటి పైకి నెట్టుకుంటాయి.

స్క్రూలు మామూలువి పనికిరావు. మొన డ్రిల్లులా ఉండి, దానిపైన రెండు చిన్న రెక్కలున్న ట్రెయిలర్ ఫ్లోర్ స్క్రూలు అడగండి. పావంగుళం మందం, రెండున్నర అంగుళాల పొడవు, రాగి మందు కర్రకు తట్టుకునే పూత ఉన్నవి. రెక్కలు కర్రలో వెడల్పాటి దారి చేస్తాయి, ఇనుము తగలగానే విరిగిపోతాయి. చెవి పెట్టి వినండి. మొదట పసుపు పొట్టు లేస్తూ మెత్తగా దిగుతుంది. తర్వాత ఒక్క క్షణం ఆగినట్టై, గొంతు మారి కీచుమంటుంది. అక్కడ డ్రిల్లు వేగం తగ్గించి బరువు పెంచండి. వేగంగా తిప్పితే ఇనుములో దిగకముందే మొన నీలంగా కాలిపోతుంది, ఆ స్క్రూ ఇక దిగదు. తల పలకతో సమంగా కూర్చోగానే ఆపేయండి. ఇంకా తిప్పితే పల్చటి ఇనుప పట్టీలో మర ఊడిపోతుంది, లోతుగా దిగితే గుంటలో నీళ్లు నిలుస్తాయి.

పలక ప్రతి చివరా రెండు, నడుమ ఉన్న ఐదు పట్టీల మీద ఒక్కోటి, ఎడమ కుడి మార్చుతూ. పలకకు తొమ్మిది, మొత్తం 126. నూటయాభై కొనుక్కోండి, కొన్ని విరుగుతాయి. పని అయ్యాక ఇనుప రజను ఊడ్చేయకపోతే రాత్రి మంచుకే పలకల మీద ఎర్రమచ్చలు పడతాయి. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ముక్కలు చెత్తలో వెయ్యండి గానీ చలిమంటలో వెయ్యకండి, పొగ విషం. 2003 చివరి దాకా ఇళ్ల వాడకానికి అమ్మిన మందు కర్రలో ఆర్సెనిక్ కూడా ఉండేది. పాత ట్రెయిలరు విప్పేటప్పుడు ఇది మరీ గుర్తుంచుకోండి.

కొత్త పలకలకు వెంటనే నూనె పట్టించొద్దు, లోపలి తడి బయటికి రాదు. నాలుగు నీటిచుక్కలు చల్లి చూడండి. పది నిమిషాల్లో ఇంకిపోతే పలక సిద్ధం. లోపలికి ఇంకే రకం డెక్ ఆయిల్ మంచిది, పెయింటు పొరలుగా ఊడుతుంది. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టి, ఆ తర్వాతే చెత్తలో వెయ్యాలి. వాడేసిన ఇంజనాయిల్ పూసేవాళ్లున్నారు. అది జారుతుంది, వానకు కారి మీ పెరటి మట్టిలోకే చేరుతుంది.

సెకండ్‌హ్యాండ్ ట్రెయిలరు చూస్తుంటే స్క్రూడ్రైవరు జేబులో వేసుకెళ్లండి. ముందూ వెనకా పలక దూరే ఇనుప పెదవి కింద, అడ్డపట్టీల మీద పొడవండి. కుళ్లు ముందుగా పట్టేది అక్కడే. పలక పొడవునా సన్నటి పగుళ్లుంటే పర్వాలేదు, ఎండకు అంతే. అడ్డంగా పగిలితే మార్చాల్సిందే. పాత చెక్క మీద పల్చటి రేకు పరిచి ‘డబుల్ ఫ్లోరు’ అని చెప్తే ఆ ట్రెయిలరు వదిలేయండి. రెండింటి మధ్య నీళ్లు నిలిచి కింది చెక్క స్పాంజిలా అయిపోయి ఉంటుంది, చూపించడానికి రేకు విప్పరు.

కొత్త పలకలు వేసిన మూడు నెలలకు ఒకసారి స్క్రూలన్నీ చేత్తో తిప్పి చూడండి, ఆరి కుంచించుకున్నచోట వదులవుతాయి. మిగిలిన పదిహేనో పలకను గరాజు గోడకు నిలబెట్టకండి, వంగిపోతుంది. నేలమీద మూడు చెక్కముక్కలు వేసి వాటిమీద పడుకోబెట్టండి.