యౌవనంలో ఉన్న క్రైస్తవ పాఠకులకు ప్రేమ నవలలు ఎంచి ఇవ్వడం ఎలా

పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో పిల్లలు ప్రేమకథల వైపు మొగ్గినప్పుడు, చేతిలోని పుస్తకం లాక్కోవడం కంటే మంచి పుస్తకం ఒకటి చేతికివ్వడం మేలు. ఇంగ్లీషు మీడియంలో చదువుకునే మన సంఘాల పిల్లలు అమెరికా, కెనడా, ఇంగ్లండు రచయిత్రుల నవలలను హాయిగా చదవగలరు. అయితే ముద్దు సన్నివేశం ఉందా లేదా అన్న ఒక్క లెక్కతో నవలను ఎంచకండి. ప్రేమలో పడిన మనిషి మనస్సాక్షి మేలుకొని ఉందా, ఎదుటివారికి కాదనే స్వేచ్ఛ ఉందా, విశ్వాసం కథను నడిపిస్తోందా లేక చివరి పేజీలో అతికించిన ప్రార్థనగా మిగిలిందా అన్నవి చూడండి.

ఈ కొలతకు చక్కగా నిలిచే నవల కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో వెలువరించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’. పడమటి మైదానాలకు వలస వచ్చి, అక్కడే భర్తను పోగొట్టుకున్న మార్టీ అనే గర్భవతి దగ్గరికి, ఆ సమాధి కార్యక్రమం జరిగిన రోజునే, క్లార్క్ డేవిస్ అనే రైతు పెళ్లి మాట తెస్తాడు. తల్లిలేని తన కూతురు మిస్సీకి ఒక అమ్మ కావాలన్నదే అతని కోరిక. ఆమెకు ఇల్లు అప్పగించి తాను పక్కనున్న చిన్న పాకలో పడుకుంటాడు; తూర్పుకు తిరిగి వెళ్లాలనుకుంటే, మిస్సీని వెంట తీసుకెళ్లే షరతు మీద, ప్రయాణ ఖర్చు తానే భరిస్తానంటాడు. ఇక్కడ కాసేపు ఆగి, క్లార్క్ మాటల్లో ఏది ఆమెకు ధైర్యమిచ్చింది, ఏది ఇంకా ఆమెపై భారం మోపింది అని పిల్లలను అడగండి. ‘ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును’ అన్న బైబిలు వాక్యం ఒక ఇంటి దినచర్యలో ఎలా కనిపిస్తుందో ఆ చర్చలో వారికే తడుతుంది.

13 నుంచి 15 ఏళ్ల వారికి రాబిన్ జోన్స్ గన్ రాసిన క్రిస్టీ మిల్లర్ కథలు సరిపోతాయి. 1988లో మొదలైన ఈ వరుసలో తొలి నవల ‘సమ్మర్ ప్రామిస్’. కాలిఫోర్నియా సముద్రతీరంలో వేసవి గడిపే అమ్మాయి కథ కాబట్టి స్నేహితుల ఒత్తిడి గురించి మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుంది.

క్యాథరిన్ మార్షల్ రాసిన ‘క్రిస్టీ’ని (1967) మాత్రం 16 ఏళ్లు నిండాక ఇవ్వడం మంచిది. 1912లో టెన్నెసీ కొండల్లోని పేద పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిన 19 ఏళ్ల యువతి ఒక బోధకుడికీ, దేవుణ్ణి నమ్మని ఒక వైద్యుడికీ నడుమ తన మనసును పరీక్షించుకుంటుంది. సందేహాన్ని దాచిపెట్టని విశ్వాసం ఈ నవల బలం. అయితే ఇందులో టైఫాయిడ్ మరణాలతో పాటు, ఒక పాత్ర చిన్ననాట ఎదుర్కొన్న లైంగిక దురాగతం కూడా ప్రస్తావనకు వస్తుంది కనుక పెద్దలు ముందుగా చదివి తీరాలి.

అదే వయసువారికి షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ను (1847) నేను గట్టిగా సిఫారసు చేస్తాను. తాను ప్రాణప్రదంగా ప్రేమించిన రోచెస్టర్‌కు భార్య బతికే ఉందని పెళ్లి పీటల దాకా వచ్చాక తెలుసుకున్న జేన్, అతను ఎంత బతిమాలినా లొంగక, 20 షిల్లింగులతో తెల్లవారుజామున ఇల్లు విడిచిపోతుంది. పవిత్రతను గురించి ఎన్నో ప్రసంగాలు చెప్పలేనిది ఆ ఒక్క అధ్యాయం చెబుతుంది.

ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన ‘రిడీమింగ్ లవ్’ను యువతులు ఒకరికొకరు ఇచ్చుకుంటుంటారు. దారి తప్పిన భార్యను విడువక ప్రేమించిన ప్రవక్తను గురించిన బైబిలులోని హోషేయ గ్రంథాన్ని 1850ల కాలిఫోర్నియా బంగారు వేట కాలానికి తెచ్చిన ఈ నవలలో దేవుని కృప గాఢంగా కనిపిస్తుంది. కానీ కథానాయికను బాల్యంలోనే వ్యభిచార గృహానికి అమ్మేయడం, ఆ తర్వాతి హింస చదవడానికి బరువైనవి. 18 ఏళ్లలోపు వారికి ఇవ్వవద్దు. క్రైస్తవ ప్రచురణ సంస్థ ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి పుస్తకం ప్రతి వయసుకూ తగదు.

కొనడం భారమైతే ‘జేన్ ఐర్’తో పాటు, గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ రాసిన ‘మార్షా స్కైలర్’ (1908), ‘ది ఎన్‌చాంటెడ్ బార్న్’ (1918) వంటివి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. హిల్ నవలల్లో మంచివారు మరీ మంచివారుగా, చెడ్డవారు మరీ చెడ్డవారుగా కనిపిస్తారు కాబట్టి వాటిని జానెట్ ఓక్ తర్వాత చదివించండి.