చైనా తేదీలు చదవడం – 3వ పాఠం: జంట పదులు

పోయిన పాఠంలో ఈ, అర్, సాన్ అంటూ పది దాకా లెక్కపెట్టాం. పదిని ‘షి’ అంటారని గుర్తుంటే ఇవాళ్టి పని సగం అయిపోయినట్టే.

చైనావాళ్లు చాలా పెద్ద సంఘటనలకు తేదీనే పేరుగా వాడేస్తారు. ముందు నెల, తర్వాత రోజు. ‘వూ-సి’ అంటే 5, 4. 1919 మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ‘జియు-ఈ-బా’ అంటే 9, 1, 8. 1931 సెప్టెంబరు 18న జపాన్ సైన్యం మంచూరియా మీద పడింది. ఇక్కడే తడబడతాం: పద్దెనిమిది అనరు, ఫోన్ నంబరు చెప్పినట్టు ఒకటి, ఎనిమిది అని విడగొడతారు.

అక్టోబరు 10కి మాత్రం ముద్దుపేరు ఉంది: ‘ష్వాంగ్-షి’, జంట పదులు.

1911లో ఆ రోజే చింగ్ రాజవంశాన్ని కూలదోసిన విప్లవం మొదలైంది. కానీ ఆ తేదీని చింగ్ ప్రభుత్వ కాగితాల్లో వెతికితే దొరకదు. అక్కడ అది షువాన్‌టాంగ్ 3వ ఏడు, 8వ నెల, 19వ రోజు. షువాన్‌టాంగ్ అన్నది ఐదేళ్ల వయసున్న చక్రవర్తి పుయీ ఏలుబడికి పెట్టిన పేరు. ఇంకో లెక్కలో ఆ ఏడు షిన్‌హై. మన ప్రభవ, విభవల్లాగే వాళ్లకూ అరవై పేర్ల చక్రం ఉంది. అదే ఏడాది ఉగాదికి మనకు విరోధికృత్ వచ్చింది. షిన్‌హై విప్లవం అన్న మాట అక్కణ్నుంచి పుట్టిందే.

అసలు ఆ తేదీ ఎవరూ ముహూర్తం పెట్టుకున్నది కాదు. 9వ తేదీన హాంకో నగరంలోని రష్యన్ల పేటలో విప్లవకారులు బాంబులు తయారుచేస్తుంటే ఒకటి పేలిపోయింది. సభ్యుల పేర్ల చిట్టా పోలీసుల చేతికి చిక్కింది. తెల్లారేసరికి ముగ్గురి తలలు తెగాయి. ఇక తమ వంతేనని తెలిసిన, విప్లవకారులతో కలిసిన సైనికులు ఆ సాయంత్రం పక్కనున్న వూచాంగ్‌లో తిరగబడి ఆయుధాగారాన్ని పట్టుకున్నారు. విప్లవ నాయకుడు సన్ యట్‌సెన్ అప్పుడు అమెరికాలో, డెన్వర్‌లో ఉన్నాడు. సంగతి పేపర్లో చూసి తెలుసుకున్నాడు.

ఆ తర్వాత అందరూ ఆ తేదీనే ఏరుకున్నారు. 1913లో యువాన్ షికాయ్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిందీ, 1925లో రాజుల కోట ప్యాలెస్ మ్యూజియంగా మామూలు జనానికి తలుపులు తెరిచిందీ ఆ రోజే. నాకు రెండోదే నచ్చుతుంది. 1945లో చోంగ్‌కింగ్‌లో అధికార జాతీయవాద పార్టీ కువోమిన్‌టాంగ్, కమ్యూనిస్టులు ఒప్పందం మీద సంతకాలు చేసిందీ అక్టోబరు 10నే. మర్నాడే కమ్యూనిస్టు నాయకుడు మావో తమ స్థావరం యెనాన్‌కు విమానమెక్కాడు. ఏడాది తిరక్కుండానే అంతర్యుద్ధం ముదిరింది.

ఇక కూడిక. 1912 నుంచి ‘మిన్‌గువో’, అంటే గణతంత్ర శకం. దాని అంకెకు 1911 కలపాలి. మిన్‌గువో 14 అంటే 14 + 1911 = 1925. తైవాన్ ఆఫీసు కాగితాల్లో ఇప్పటికీ ఇదే లెక్క.

అభ్యాసం: మిన్‌గువో 26, ‘ఛీ-ఛీ’. ‘ఛీ’ అంటే ఏడు. ఆ రాత్రి బీజింగ్ దగ్గర ఒక వంతెన పక్కన తుపాకులు పేలాయి. తేదీ కట్టి ఉంచండి, 4వ పాఠం ఆ వంతెన దగ్గరే మొదలవుతుంది.