గాలి మూసినా మంట తగ్గని పాత పోత ఇనుప పొయ్యి: సమస్య - పరిష్కారం

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, అంటే న్యూ ఇంగ్లండ్‌లో, ఇళ్లకు చేరిన పోత ఇనుప కట్టెల పొయ్యిలు ఇప్పటికీ చాలాచోట్ల వెలుగుతున్నాయి. ఇక్కడ పాత ఇల్లు కొన్న మనవాళ్లు నన్ను పిలిచేది దాదాపు ఒకే ఫిర్యాదుతో: "గాలి మూత మొత్తం మూసేశాం అన్నా, అయినా భగభగ మండుతోంది. పడుకునేముందు వేసిన మొద్దులు అర్ధరాత్రికే బూడిదవుతున్నాయి." అప్పటికే కొందరు తలుపు గ్యాస్కెట్, అంటే గాలి చొరకుండా తలుపు అంచు చుట్టూ అతికించే తాడు, మార్చేసి ఉంటారు. మార్చేముందు నోటు పరీక్ష చేశారా అంటే జవాబుండదు.

ముందు నోటు పరీక్ష

పొయ్యి చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో డాలర్ నోటు పెట్టి, మూసి, లాగండి. బిగుతుగా పట్టుకుంటే గ్యాస్కెట్ బాగున్నట్టే. జారి వచ్చేస్తే అక్కడ పోయినట్టు. తలుపు చుట్టూ చూడండి. కింద బూడిద తీసే చిన్న తలుపును మాత్రం మర్చిపోకండి, అందరూ వదిలేసేది దాన్నే. అక్కడి గాలి నేరుగా నిప్పుల కిందికి పోతుంది. చిన్న సందైనా కొలిమి తిత్తిలా ఊదుతుంది. కొత్త తాడు పాతదానంత లావే ఉండాలి. అతికించేటప్పుడు సాగదీయొద్దు, సన్నబడిపోతుంది.

నోటు అంతటా బిగిసింది, మంట మాత్రం తగ్గలేదు

నన్ను ఒక చలికాలమంతా ఏడిపించింది ఇదే. మా ఇంటి పొయ్యికి రెండుసార్లు గ్యాస్కెట్ మార్చాను. రాత్రి దీపాలన్నీ ఆర్పి, లోపల లైటు పెట్టి చుట్టూ చూశాను. ఎక్కడా వెలుగు గీత లేదు. చివరికి వెనకవైపు వేడి తగలకుండా బిగించిన రేకు విప్పి, చిన్న మంట పెట్టి, గాలి మూసి, అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట నడిపాను. నిటారుగా లేస్తున్న పొగ కింది మూల దగ్గరికి రాగానే వంగి, దారంలా లోపలికి దూరిపోయింది. అడుగు పలకా వెనక పలకా కలిసే చోటది. రేకు చాటున ఉండటంతో లైటుకు దొరకలేదు.

ఈ పొయ్యి ఒకే పోత కాదు. పలకల అంచులు గాడిలో కూర్చుంటాయి, పొడుగు బోల్టులు వాటిని బిగించి ఉంచుతాయి, సందుల్లో వేడికి తట్టుకునే ఫర్నేస్ సిమెంట్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఆ సిమెంట్ పొడై రాలిపోతుంది. పైనుంచి కొత్త సిమెంట్ పూస్తే కొద్ది వారాల్లో ఊడొస్తుంది. విప్పాల్సిందే.

1980లకు ముందటి తాడులో, సిమెంట్‌లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే నార ఖనిజం) ఉండొచ్చు. పరీక్ష చేయించేదాకా గీకొద్దు, పొడి బ్రష్ పెట్టొద్దు. ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఫొటోలు తీసి, పలకలకు సుద్దతో నంబర్లు వేయండి. ముందురోజే బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించండి. తిరగనిదాన్ని బలవంతంగా తిప్పితే తెగుతుంది. అప్పుడు డ్రిల్లు వేసి కొత్తగా మర తీయాలి. గాడిలో పాత సిమెంట్ ఒక్క పలుకు కూడా మిగలకూడదు. మిగిలితే పలక ఎత్తుగా కూర్చుని, బోల్టు బిగించగానే పగులుతుంది. గాడిని తడిగుడ్డతో తుడవండి. ఈ సిమెంట్‌కు పట్టునిచ్చేది సోడియం సిలికేట్. పొడి ఇనుము దాని నీటిని పీల్చేస్తే పట్టు రాదు. గాడి నిండా సిమెంట్ పెట్టి, పలకలు కూర్చోబెట్టి, ఎదురెదురు మూలలు మారుస్తూ బోల్టులు కొంచెం కొంచెంగా బిగించండి. పైకి వచ్చింది తడిగుడ్డతో తుడిచేయండి.

ఒకరోజు ఆరనిచ్చి, చితుకులతో రెండు మూడు చిన్న మంటలు పెట్టి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనివ్వండి. తొందరపడి పెద్ద మంట పెడితే నీళ్లు మరిగి సిమెంట్ పొక్కుతుంది.

గదిలోకి పొగ వస్తోంది

అతుకుల్ని అనుమానించకండి. పొగగొట్టం బాగా లాగుతుంటే సందులు గాలిని లోపలికే పీలుస్తాయి. గొట్టంలో మసి, తారు పేరుకుని ఉంటాయి, లేదా పైన టోపీ జాలి మూసుకుపోయి ఉంటుంది. శుభ్రం చేయించండి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ముందు అది కొనండి, తర్వాతే పొయ్యి వెలిగించండి.

పలక పగలడం, వంగడం కూడా ఉంటుంది. పోత ఇనుముకు వెల్డింగ్ ఇంట్లో అయ్యే పని కాదు, పలక మార్చుకోండి.

చివరి చిన్న మంట మీద మళ్లీ అగరుబత్తి పట్టండి. ఆ కింది మూల దగ్గర కూడా పొగ నిటారుగా లేస్తే వెనక రేకు బిగించి మొద్దులు వేయండి.