మధ్యంతర ఎన్నికలపై పక్షపాత వ్యాఖ్యానాన్ని ఎలా చదవాలి?

అమెరికాలో అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం మధ్యలో చట్టసభలోని రెండు సభలకూ జరిగే మధ్యంతర ఎన్నికలపై ఏదో ఒక పార్టీకి కొమ్ముకాసే వ్యాఖ్యానం చదివేటప్పుడు, రచయిత ఏ సభ గురించి మాట్లాడుతున్నారో ముందు తేల్చుకోవాలి. ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ పోటీ జరుగుతుంది గానీ సెనేట్‌లో దాదాపు మూడో వంతుకే జరుగుతుంది కాబట్టి, ఆ ఏడాది ఏ పార్టీ ఎన్ని సెనేట్ స్థానాలను నిలబెట్టుకోవలసి ఉందో చూడకుండా గెలుపోటములను బేరీజు వేయకూడదు. 2018లో డెమోక్రాట్లు ప్రతినిధుల సభను గెలుచుకోగా, అవే ఎన్నికల్లో రిపబ్లికన్లు సెనేట్‌లో బలం పెంచుకున్నారు. ఎవరికి నచ్చిన సగాన్ని వారు చాటుకునే వీలు అక్కడే ఉంది.

అధ్యక్షుడి పార్టీ సీట్లు కోల్పోవడం ఆనవాయితీ. 2010లో డెమోక్రాట్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు పోగొట్టుకున్నారు. 1998, 2002లలో మాత్రం అధ్యక్షుడి పార్టీకే సీట్లు పెరిగాయి. కనుక, నష్టాన్ని చూపి ‘ప్రజాతీర్పు’ అని ప్రకటించే వ్యాసం, ఆ నష్టం మామూలుకన్నా ఎక్కువో తక్కువో చెప్పనంతవరకు దాన్ని నమ్మవద్దు.

సర్వే అంకెలు కనిపిస్తే, అడిగింది నమోదైన ఓటర్లందరినా, ఓటు వేసే అవకాశమున్నవారినేనా, ఖర్చు భరించింది ఎవరు అన్నవి వెతకండి; పార్టీలు సొంతంగా చేయించుకున్న సర్వేల్లో సాధారణంగా తమకు అనుకూలమైనవే బయటపెడతాయి. మనసుకు నచ్చిన జోస్యాన్నే మరింత గట్టిగా పరీక్షించాలని నా అభిప్రాయం. 2022లో ‘ఎర్ర కెరటం’, అంటే రిపబ్లికన్ల భారీ విజయం, ఖాయమని పలువురు రాశారు. మెజారిటీకి 218 స్థానాలు కావలసిన ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు దక్కినవి 222 మాత్రమే.