ముక్కు కొలిచి చూడండి, ఆ 'శాస్త్రం' సంగతి తేలిపోతుంది

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. "ఫలానా కులంవాళ్ళే అసలు ఆర్యులు, సైన్స్ ఎప్పుడో తేల్చింది" అని ఎవరైనా అంటే వాదన పెట్టుకోను. వాళ్ళు చెప్పే ఆ 'సైన్స్' ముక్కు కొలతల మీద కట్టిందే కాబట్టి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ చేతికిస్తాను. మీరూ చేయొచ్చు. ఫిజిక్స్ ల్యాబులో వాడేదే చాలు. కాకపోతే దాని అంచులు కంటి దగ్గరగా వెళ్తాయి కాబట్టి కాస్త టేపు చుట్టండి.

ముందు పొడవు. నుదురు దిగాక ముక్కు మొదలయ్యే పల్లం నుంచి, ముక్కు అడుగు పైపెదవిని కలిసే చోటు వరకు. తర్వాత వెడల్పు: ముక్కుపుటాల బయటి అంచుల మధ్య, నొక్కకుండా. నవ్వితే వెడల్పు మారిపోతుంది. పిల్లలు నవ్వకుండా ఉండరు, ఆగండి. వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణించండి. 70 లోపు వస్తే సన్నముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు, నడుమన ఉంటే మధ్యరకం.

ఈ లెక్కతోనే బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ 1880ల్లో బెంగాల్లో జనాన్ని కొలిపించి, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అని సూత్రం కట్టాడు. 1901 జనాభా లెక్కల కమిషనర్ కూడా ఆయనే. ఆ లెక్కల్లో కులాలకు ఎక్కువ తక్కువల వరుస వేయించాడు. మనవైపు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ఇలాంటి కొలతలే తీశాడు.

ఇప్పుడు అదే ముక్కును ఇంకొకరి చేత కొలిపించండి, మొదటి అంకె చెప్పకుండా. పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 36 అయితే 72, అంటే మధ్యరకం. రెండోవాళ్ళు కాలిపర్స్ కాస్త బిగించి 34 అన్నారనుకోండి, 68. మనిషి కుర్చీలోంచి లేవకుండానే సన్నముక్కు జాతిలో చేరిపోయాడు! ఎదుటి మనిషి కులం ముందే తెలిసినవాడి చెయ్యి ఎటు బిగుస్తుందో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ఇంటిల్లిపాదినీ కొలవండి. సగటు తీసి ఊరుకోకండి. ఒక గీత గీసి, ఒక్కొక్కరి అంకె దగ్గర చుక్క పెట్టండి. అక్కాచెల్లెళ్ళ చుక్కల మధ్య ఎంత ఎడం ఉందో చూడండి, సగటు దాచేసేది దాన్నే. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో బ్లడ్ గ్రూపులు, ప్రోటీన్లతో ఇలాంటి లెక్కే వేస్తే, మనుషుల జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహం లోపలివే అని తేలింది. ముక్కు వెడల్పులో వాతావరణం పాత్ర కొంత ఉంది. వేడీ తేమా ఉన్న ప్రాంతాల్లో వెడల్పు ముక్కులు ఎక్కువ.

క్లాసులో చేయిస్తే మాత్రం పేర్లు, కులాలు రాయించకండి. బోర్డు మీద వరుస అసలే వద్దు. అడిగి, ఇష్టమున్నవాళ్ళనే కొలవండి.

కాలిపర్స్‌ని తిట్టి లాభం లేదు, నిజాయితీగా కొలిస్తే అలాంటి పనిముట్లే ఆ నమ్మకాలను తప్పనీ చూపిస్తాయి. 1920ల చివర్లో మన మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే బెర్లిన్‌లో జర్మన్ ప్రొఫెసర్ ఆయిగెన్ ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ కోసం పుర్రెలు కొలిచారు. పుర్రె కుడి ఎడమల తేడాకూ జాతికీ ముడి ఉంటుందని ఆయన నమ్మకం. తనకు అలాంటి ముడేమీ కనబడలేదని ఆమె థీసిస్‌లోనే రాశారు. గైడ్ మాటకు ఎదురు రాయడం ఎంత టెన్షనో పీహెచ్‌డీ చేసినవాళ్ళకు తెలుసు.

పాతకాలపు ముచ్చట అనుకునేవాళ్ళకు కిడ్నీ పరీక్ష చూపిస్తాను. అమెరికాలో మొన్నమొన్నటి దాకా రోగి నల్లజాతివారైతే ఇ.జి.ఎఫ్.ఆర్. (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో, కండల నుంచి వచ్చే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూసి వేసే అంచనా) ఫలితాన్ని ఒక గుణకంతో పెంచేవారు. వాళ్ళకు కండ ఎక్కువ అని సాకు. దాంతో కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపించి, మార్పిడి జాబితాలో చేరడం కొందరికి ఆలస్యమయ్యేది. 2021లో జాతి ప్రసక్తి లేని ఫార్ములా వచ్చింది. మీ రిపోర్టులో ఇ.జి.ఎఫ్.ఆర్. పక్కన 'CKD-EPI 2021' అని ఉంటే అదే. లేకపోతే ఏ ఫార్ములా వాడారో ల్యాబువాళ్ళను అడగండి.